రాయి నాది, గేరు మీది

నాచారం,
12 నవంబరు 2024

మీకు స్వర్ణలత రాయునది.

నేను బాగానే ఉన్నాను. మీరూ అక్కడ బాగున్నారని తలుస్తాను అని రాయబోయి చేయి రాక ఆగిపోయాను. జైల్లో బాగుండటమేమిటి?

మొన్న ములాఖత్‌కు వచ్చినప్పుడు అద్దం అవతల మిమ్మల్ని చూశాను. ఇచ్చిన కాస్త సమయం ఇద్దరం ఏడ్చుకోవడానికే సరిపోయింది. "మళ్ల రాకు, ఏమన్న ఉంటె ఉత్తరం రాయి" అన్నారు. పదో తరగతి దాకా చదివిన చదువు గాజుల లెక్కకు తప్ప దేనికీ పనికిరాలేదని మా నాన్న అనేవాడు. ఇదుగో, ఇప్పుడు పనికొచ్చింది.

ముందు మన బండి సంగతి. ఉప్పల్‌లో చచ్చింది. మీరు లోపలికి వెళ్ళినప్పటి నుంచి భగాయత్ మైదానం పక్కనే నిలబెట్టి ఉంచాను కదా, అక్కడ ఏదో ఎగ్జిబిషన్ పెడతారని తీసేయమన్నారు. నాకు నడపడం రాదు. మనతో జాతరలకు తిరిగే బొమ్మల త్రిమూర్తులును బతిమాలి పిలుచుకున్నాను. రింగురోడ్డు దాకా బాగానే వచ్చింది. సరిగ్గా మెట్రో కింద, నాలుగు దిక్కుల నుంచీ బండ్లు వచ్చిపడే చోట దగ్గి దగ్గి ఆగిపోయింది. వెనక హారన్ల మోత. ట్రాఫిక్ పోలీసు వచ్చి బండి డొక్క మీద రెండు దెబ్బలు కొట్టి "ఏందమ్మా ఇది, బండా ఇల్లా?" అన్నాడు. రెండూనని చెప్పాను. నమ్మలేదు. కిటికీ తీగ మీద ఆరేసిన నా చీర, లోపల కిరసనాయిలు స్టవ్వు చూసి నమ్మాడు. త్రిమూర్తులు ఇంజను మూత ఎత్తి చూసి, "ఇది మన వల్ల కాదక్కా, దీని ఆయుష్షు అయిపోయినట్టుంది" అని దించేశాడు. చివరికి ఒక డీసీఎం వ్యాన్ అతను తాడు కట్టి నాచారం ఇండస్ట్రియల్ ఏరియా దాకా లాక్కొచ్చాడు. మొగిలయ్య షెడ్డు ముందు పెట్టాం. మనకు తెలిసిన మెకానిక్ కదా.

ఇప్పుడు అక్కడే ఉంటున్నాను. ఒక పక్క వెల్డింగ్ నిప్పురవ్వలు, ఇంకో పక్క ఏదో మందుల వాసన. మొగిలయ్య భార్య స్నానానికి వాళ్ళ గది వాడుకోమంది. పొద్దున, సాయంత్రం షిఫ్టు మారే వేళకు గాజుల పెట్టె పట్టుకుని కంపెనీ గేట్ల దగ్గర కూర్చుంటున్నాను. ఊరూరా తిరిగిన దాన్ని ఒక్కచోట కూర్చుంటే కాళ్ళు గుంజుతున్నాయి.

మీ దగ్గర దాచేదేముంది. నాకు నిద్ర పట్టడం లేదు. హ్యాండ్‌బ్రేకు పోయిన నాటి నుంచి మనది ఒకటే పద్ధతి. బండి ఆగగానే మీరు మొదటి గేరులో పెట్టాలి, నేను ఎడమ తలుపు తీసి దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాలి. గేరు మీది, రాయి నాది. పదహారేళ్ళలో ఒక్కనాడు తప్పలేదు. ఆ రాయికి ప్రతి జాతరలో పసుపు పూసి బొట్టు పెట్టుకునేదాన్ని. నిరుడు శివరాత్రికి కీసరలో గాలి లేచింది. మన గాజుల దుకాణం మీది టార్పాలిన్ ఎగిరిపోతోంది. ముందు నలుగురు ఆడవాళ్ళు చేతులు చాపి కూర్చున్నారు. మీరు చాయ్‌కి వెళ్ళారు. బండి గేరులో ఉంది కదా అని చక్రం కింద రాయి తీసి టార్పాలిన్ అంచున పెట్టాను. బండి వాలులోకి జారి, వెనక పేలాల గంప ముందు కూర్చున్న వెంకటనర్సమ్మ అక్క మీదికి పోయింది. ఆ గాలిదుమ్ములో ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ కనపడలేదు. మీరు పరుగెత్తుకొచ్చి, "బండి నేనే తీసిన, బ్రేకు పడలే" అని అందరి ముందూ చెప్పారు. నన్ను పక్కకు లాగి, "నిండు బరువుకు గేరొక్కటి ఆగదే, రాయి ఎందుకు తీసినవ్" అని ఒక్కసారి అడిగారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

రాయి తీసింది నేను. పది నెలల శిక్ష మీకు. ఈ జన్మకు మీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకున్నా తీరదు.

మీ
స్వర్ణలత

*

చర్లపల్లి,
24 నవంబరు 2024

స్వర్ణకు,

ఇక్కడికి వచ్చే ఉత్తరాలు, ఇక్కడి నుంచి పోయే ఉత్తరాలు తెరిచి చూస్తారు. నీది వచ్చిన రోజు ఉత్తరాల కట్ట పెద్దదై, లోపల వస్తువులేమైనా ఉన్నాయా అని తడిమి ఇచ్చేశారు. అదృష్టం. నువ్వు బెంగతో ఏవేవో కలలు కని రాసినట్టున్నావు. జరిగింది మళ్ళీ రాస్తున్నాను, నీకు మరుపు ఎక్కువైంది కాబట్టి. బండి నేను తీశాను. బ్రేకు పడలేదు. ఆమె చనిపోయింది. కోర్టులో ఒప్పుకున్నాను. ఇంకేమీ లేదు. ఇక ఆ సంగతి కాగితం మీద పెట్టకు.

నాకు వంటశాలలో పని ఇచ్చారు. ఉల్లిగడ్డలు కోస్తున్నాను. తిండికి లోటు లేదు.

బండి మొగిలయ్య దగ్గర ఎందుకు పెట్టావు? అతని చేయి మంచిది కాదు, నోరు అంతకన్నా మంచిది కాదు. మౌలాలి వైపు ఎవరైనా ఉంటే చూడు. ఇంజను ఒక్కటి చేస్తే చాలని చెప్పు, గేర్‌బాక్సు జోలికి పోనివ్వకు. అక్కడ చేయి పెడితే ఎప్పటికీ తేలదు. ఆగస్టులో బయటికి వస్తాను. ఆ తర్వాత వచ్చే మాఘంలో మేడారం ఉంది. బండి సిద్ధంగా ఉండాలి. నాకు లోపల ఆ ఒక్క ఆశే ఉంది, నువ్వు అది నిలబెడితే చాలు.

బాలరాజు

*

నాచారం,
22 డిసెంబరు 2024

మీకు నమస్కారం.

మీరు చెప్పినట్టే జాగ్రత్తగా రాస్తున్నాను. తప్పయింది.

మొగిలయ్య మీద మీకంత కోపం ఎందుకో తెలియలేదు. మనిషి మంచివాడే. నిజానికి బండిని ఇంకా ముట్టుకోలేదు, ముందున్నవి ఎనిమిది బండ్లు ఉన్నాయట. "నీదేం తొందర చెల్లె, నీ ఇల్లు నా ఇంటి ముంగటనే ఉన్నది గద" అంటాడు. మౌలాలికి లాక్కుపోవడానికి మళ్ళీ డీసీఎం ఎక్కడ తేను? ఇక్కడే ఉండనివ్వండి.

ఇంకో సంగతి. దీనికి మీరు కోప్పడతారు, అయినా చెప్పాలి. మొన్న పచ్చళ్ళ కంపెనీ గేటు దగ్గర ఒక పిల్ల చేయి చాపింది. ఎర్ర మట్టిగాజులు డజను అడిగింది. చేయి పట్టుకుని నొక్కుతూ ముఖం చూశాను. స్పందన. వెంకటనర్సమ్మ అక్క కూతురు. సీసాల మూతలు బిగించే పని చేస్తోందట, నాగారంలో గది తీసుకుని ఉంటోంది. నన్ను చూసి లేచి పోతుందనుకున్నాను. పోలేదు. గాజులన్నీ ఎక్కేదాకా ఆగి, "చిన్నమ్మా, ఏడుంటున్నవ్?" అని అడిగింది.

చెప్పకపోయినా వెంట వచ్చింది. బండి లోపలికి ఎక్కి చుట్టూ చూసింది. వాన పడ్డప్పుడు పైనుంచి కారేచోట గిన్నె పెట్టుకుంటాను, దాన్ని చూసింది. పెట్టెల మధ్య నేను పడుకునే జానెడు చోటు చూసింది. "గిట్ల ఎట్లుంటున్నవే? నీ మొగడు చేసిన పాపానికి నువ్వెందుకు గింత గోస పడాలె?" అంది. మరునాడు టిఫిన్ డబ్బాలో అన్నం, చింతకాయ తొక్కు తెచ్చింది. వాళ్ళమ్మ చేసే తీరే. జాతరల్లో అక్క మనకు ఎన్నిసార్లు ఆ తొక్కు పెట్టిందో మీకు గుర్తుందా? స్పందన ఎదురుగా కూర్చుని తినేదాకా కదలలేదు. ఆ ముద్ద ఎలా దిగిందో రాయకూడదన్నారు కాబట్టి రాయడం లేదు.

వారానికి రెండు మూడుసార్లు వస్తోంది. దానికి ఎవరూ లేరు. అలసిపోయి వచ్చి నా పక్కనే గాజుల పెట్టెకు ఆనుకుని కళ్ళు మూసుకుంటుంది. దానికి ఒక మాట చెప్పేయాలని గొంతు దాకా వస్తోంది. మీరు సరేనంటే చెబుతాను. వద్దంటే ఎలా ఉండాలో అదన్నా చెప్పండి.

స్వర్ణలత

*

చర్లపల్లి,
16 జనవరి 2025

స్వర్ణకు,

ఏ మాట చెబుతావు? చెప్పడానికి ఏముంది? ఆ పిల్లకు తల్లి లేదు. తల్లిని ఎవరు తీసుకుపోయారో దానికి తెలుసు. నన్ను తిట్టుకుని ఊరుకుంటోంది, తిట్టుకోనీ. నేను భరిస్తున్నాను కదా. నువ్వు నోరు తెరిస్తే నేనిక్కడ కోసిన ఉల్లిగడ్డలన్నీ దండగ.

నేను నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. పిల్లలు లేరని ఎవరేమన్నా నిన్ను పల్లెత్తు మాట అననివ్వలేదు. ఇప్పుడు రెండే అడుగుతున్నాను. నోరు మూసుకుని ఉండటం ఒకటి, బండిని అక్కడి నుంచి తీయడం ఒకటి. ఎవరి కోసం ఇక్కడ ఉన్నానో నువ్వు పడుకునేముందు రోజూ ఒకసారి తలుచుకో, నీకే తెలుస్తుంది ఏం చేయాలో.

వంటశాలలో చలి ఎక్కువగా లేదు. దుప్పటి పంపనక్కర్లేదు.

బాలరాజు

*

నాచారం,
2 మార్చి 2025

మీకు నమస్కారం.

రోజూ తలుచుకుంటూనే ఉన్నాను. మీరు చెప్పాల్సిన పని లేదు.

శివరాత్రికి కీసర వెళ్ళాను. గాజులమ్మడానికి కాదు. స్పందన సెలవు పెట్టి వచ్చి, "అమ్మ పోయిన జాగ ఒక్కపారి చూపెట్టు చిన్నమ్మా, నేను గా దినం లేకుంటి" అని అడిగింది. కాదనలేకపోయాను. ఈసీఐఎల్ దగ్గర బస్సు మారి వెళ్ళాం. ఎప్పుడూ మన బండి ముందు సీట్లో కూర్చుని పోయేదాన్ని, ఈసారి కమ్మీ పట్టుకుని నిలబడి పోయాను.

ఆ వాలు మీద ఇప్పుడు చెరుకు రసం బండి పెట్టారు. జనం తాగి గ్లాసులు పెడుతున్నారు. స్పందన కొంగులోంచి పేలాలు, రెండు చక్కెర చిలకలు తీసి నేల మీద పెట్టింది. చెరుకు రసం అతను జరగమంటే జరిగింది. నేను ఆ పక్కనే నిలబడ్డాను. ఎక్కడ నిలబడితే అక్కడే నాకు రాయి కనిపిస్తోంది. ఎంత చిన్న రాయో.

తిరుగు బస్సులో నా భుజం మీద తలపెట్టి అంది: "నిన్ను చూస్తె పాపమనిపిస్తది. నీదేం తప్పున్నది? గా మనిషి ఒక్కనాడన్న మా గడపల నిలబడి తప్పయిందన్నడా? బెయిలు మీదున్నన్ని దినాలు మొకం దాసుకొనే తిరిగిండు." అది నన్ను ఓదారుస్తోంది. ఇంతకన్నా నన్ను బస్సు కింద తోసినా బాగుండేది.

నాగారంలో తన గదికి వచ్చేయమంటోంది. బండి అమ్మేయమంటోంది. పచ్చళ్ళ కంపెనీలో నాకూ పని చూస్తానంది. మీకు నిజం చెప్పనా, నాకు వెళ్ళాలని ఉంది. నలభై ఆరేళ్ళు వచ్చాయి. కదలని గోడ పక్కన ఒక్కసారి పడుకోవాలని ఉంది. కానీ దానికి చెప్పకుండా దాని గదిలో ఎలా ఉంటాను? చెప్పడానికి మీరు ఒప్పుకోరు. చెప్పకుండా వెళ్ళడానికి నాకు మనసొప్పడం లేదు. మీరే ఏదో ఒకటి తేల్చండి.

మొగిలయ్య వచ్చే నెలలో మన బండి విప్పుతానన్నాడు.

స్వర్ణలత

*

చర్లపల్లి,
19 మార్చి 2025

స్వర్ణకు,

తేల్చడానికి ఏమీ లేదు. నువ్వు ఆ పిల్ల గదికి పోతే నా మీద ఒట్టే. బండి అమ్మడానికి అది నీ ఒక్కదానిది కాదు. అది పోతే నేను బయటికి వచ్చి ఎక్కడ కాలు పెట్టాలి? నీకు గోడ కావాలా? నాకిక్కడ నాలుగు గోడలున్నాయి, వచ్చి చూడు ఎంత బాగుంటాయో.

మొగిలయ్యతో విప్పించవద్దని ఎన్నిసార్లు రాయాలి? విప్పకముందే తీసెయ్. ఎవరినైనా పట్టుకుని తోయించు. ఈ ఒక్క పని చెయ్. చేశాక ఉత్తరం రాయి, చేసేదాకా రాయకు.

బాలరాజు

*

నాచారం,
14 ఏప్రిల్ 2025

మీకు,

తోయించలేదు. రాస్తున్నాను.

మొన్న శుక్రవారం మొగిలయ్య గేర్‌బాక్సు దించాడు. నేను బియ్యం ఏరుకుంటూ అక్కడే కూర్చున్నాను. పళ్ళ చక్రం ఒకటి చేతిలో పట్టుకుని నాకు చూపించాడు. పళ్ళు అరిగి, ముసలమ్మ చిగుళ్ళలా నున్నగా ఉన్నాయి. అతనన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"సూడు చెల్లె, దీన్ల ఏమన్న ఉన్నదా? మొదటి గేరు ఏసినా నిలువది, దానంతటదే బయటికొస్తది. గప్పుడే చెప్పిన గద మీ ఆయనకు."

ఎప్పుడని అడిగాను.

"గదే, కీసర జాతర ముంగట. వారం పది దినాల ముందు గీడికే తెచ్చిండు. రెండుమూడు పార్లు నా ముంగటనే గేరు జారింది. నాలుగు దినాలు పెట్టి పో, విప్పి చేస్త అన్న. జాతరైనంక తెస్త అన్నడు. అయితె దిగినప్పుడల్ల రాయి పెట్టుండ్రి, రాయి మాత్రం తియ్యకుండ్రి, గీ బండి రాయి మీదనే ఆగుతది అని మరీ మరీ చెప్పిన. నీకు చెప్పలేదా?"

నిండు బరువుకు గేరొక్కటే ఆగదట కదా అని అడిగాను. నవ్వాడు. "ఎవలన్నరు? గేరు మంచిగుంటె మొదటి గేర్ల పెట్టిన బండి గా వాలుకు గోడ లెక్క నిలబడ్తది. ఎవలో నిన్ను పిచ్చిదాన్ని చేసిన్రు."

ఎవరో అతనికి చెప్పలేదు. బియ్యం చేటలో పెట్టుకుని బండెక్కి తలుపేసుకున్నాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. మొగిలయ్య దగ్గర పెట్టకు, గేర్‌బాక్సు ముట్టనివ్వకు, తోయించు, తీసెయ్. అయిదు నెలలుగా మీరు భుజాలు తడుముకుంటూనే ఉన్నారు, నేనే మొద్దును.

ఒక్కటే అడుగుతాను. నేను ఆ రాయి తీసినప్పుడు, ఆ బండి గేరులో ఆగదని మీకు తెలుసా? అవునో కాదో రాయండి. చదివేవాళ్ళ సంగతి నాకక్కర్లేదు.

స్వర్ణలత

*

చర్లపల్లి,
9 మే 2025

స్వర్ణా,

పక్క బ్యారక్‌లో ఉండే అతను రేపు విడుదలవుతున్నాడు. అతని చెప్పు మడతలో పెట్టి ఇది పంపుతున్నాను. ఎవరూ తెరవరు. నాలుగుసార్లు రాసి చించాను.

తెలుసు.

చెబితే నువ్వు బండి కదలనివ్వవు. నాకు తెలుసు నీ సంగతి. అంతకుముందు రెండు జాతరలకు పోలేదు, అప్పటికే సగం సీజను పోయింది. ఒక్క మూడు రోజులే కదా, రాయి నువ్వు ఎలాగూ పెడతావు, పదహారేళ్ళుగా ఒక్కసారి మరవలేదు అనుకున్నాను. నీ మీద అంత నమ్మకం నాకు. నువ్వు పెట్టిన రాయి నువ్వే తీస్తావని ఎలా అనుకుంటాను?

అరుపు విని వచ్చేసరికి రాయి టార్పాలిన్ మీద ఉంది. బండి నేనే తీశానని నోటి నుంచి వచ్చేసింది. ఆ మాట నీ కోసం అన్నానో, నాకు తెలిసే అన్నానో, ఒట్టేసి చెబుతున్నాను, ఆ నిమిషంలో నాకే తెలియదు. గేరు సంగతి పోలీసులు మొగిలయ్య దాకా వెళ్ళి అడిగితే ఎలాగూ నా మెడకే చుట్టుకుంటుంది. బ్రేకు పడలేదంటే అంతటితో పోతుందనుకున్నాను.

ఆ సాయంత్రం నువ్వు నా కాళ్ళ మీద పడ్డావు. నన్ను కాపాడారు అని ఏడ్చావు. అప్పుడు చెప్పాలి. నోటి దాకా వచ్చింది. కానీ స్వర్ణా, ఇరవై ఆరేళ్ళలో నువ్వు నన్ను అలా చూడలేదు. చేతగానివాడు, డొక్కు బండి పెట్టుకుని నన్ను ఊరూరా తిప్పుతున్నాడు అని నీ కళ్ళలో ఎప్పుడూ ఉండేది. ఆ రోజు లేదు. ఆ తర్వాత రెండేళ్ళూ లేదు. నా కంచంలో ముందు వడ్డించి తర్వాత నువ్వు తిన్నావు. నేనన్న మాట దాటలేదు. అది పోగొట్టుకోవడం నాకు చేతకాలేదు. గేరు ఒక్కటి ఆగదని అక్కడ నీతో అన్నది కూడా నా తప్పు నీకు కనపడకూడదనే. ఇంత సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఇంకేం దాచను.

తప్పు ఇద్దరిదీ. నేను చెప్పలేదు, నువ్వు అడగలేదు. శిక్ష మాత్రం నేను పడుతున్నాను కదా. ఇంక మూడు నెలలు. వచ్చాక నీ ఇష్టం, కొట్టు, తిట్టు. స్పందనకు మాత్రం చెప్పకు. మనం ఇద్దరం బతికినన్నాళ్ళు మన మధ్యే ఉంచుకుందాం. బండి బాగైతే మేడారం పోదాం. అక్కడ అమ్మల ముందు నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ
బాలరాజు

*

నాగారం,
27 జులై 2025

బాలరాజుకు,

నీ ఉత్తరం అందింది. చెప్పు మడతలో నలిగి చెమట వాసన కొడుతోంది. నిజం చెప్పడానికి కూడా నీకు దొంగదారే దొరికింది. నేనిది పోస్టులో వేస్తున్నాను.

రెండు నెలలు రాయలేదు. రాయడానికి ముందు చేయాల్సిన పనులుండి రాయలేదు.

నువ్వు దాచావన్న దానికన్నా, దాచి నాతో సేవలు చేయించుకున్నావన్నదే నన్ను ఎక్కువ కాల్చింది. రెండేళ్ళు నేను కళ్ళు మూసుకుంటే నా చేయీ ఆ రాయీ కనిపించేవి. లేచి కూర్చుంటే నువ్వు పక్కన గుర్రు పెట్టి నిద్రపోతుండేవాడివి. పాపం, నా కోసం జైలుకు పోబోతున్నాడు అని దుప్పటి కప్పేదాన్ని. నాలుగు మాటలు. గేరు ఆగడం లేదు స్వర్ణా. ఆ నాలుగు మాటలకు నీ నోరు రాలేదు. తప్పు ఇద్దరిదీ అని రాశావు. అవును. నా సగం నేను మొదటి ఉత్తరంలోనే ఒప్పుకున్నాను, నీ సగం కూడా నాదే అనుకుని మోశాను. ఇంక మోయను.

స్పందనకు చెప్పాను. జూన్ మొదటి ఆదివారం మధ్యాహ్నం డబ్బా తెచ్చింది. ఈసారి తినకముందే చెప్పాను. రాయి సంగతి ముందు, గేరు సంగతి తర్వాత. ఏదీ మిగల్చలేదు. అది ఏడవలేదు. చాలాసేపు గాజుల పెట్టె మీద గోటితో గీస్తూ కూర్చుంది.

"అంటె రాయి నువ్వు తీసినవ్. గేరు సంగతి ఆయన దాసిండు."

అవునన్నాను.

"మరి గీ రెండేండ్లు నేను తిట్టిన తిట్లన్ని ఒక్కనికే పడ్డయి" అంది. డబ్బా మూత తీసింది, మళ్ళీ పెట్టింది. "గా దినమే చెప్తె ఏమైతుండె చిన్నమ్మా? తిడుతుంటి. కొడుతుంటి గూడ. ఏడ్సి ఏడ్సి మళ్ల నీ దగ్గర్నే పండుతుంటి, నాకెవలున్నరు? గిన్ని దినాలు నా చేతి బువ్వ తిని, గిప్పుడు చెప్తున్నవ్. ఇంక నేనెట్ల రావాలె?"

డబ్బా అక్కడే వదిలి వెళ్ళిపోయింది. నేను తినలేదు, పారేయనూ లేదు. మొగిలయ్య భార్య వచ్చి తీసేదాకా అలాగే ఉంది.

తర్వాత ఠాణాకు వెళ్ళాను. అక్కడ కేసులు రాసుకునే రైటరుకు మొత్తం చెప్పాను. రాసుకోమని కూడా అడిగాను. ఆయన కలం పక్కన పెట్టి, "తీర్పయిపోయిన కేసమ్మా. మొగడు జైల్లుంటె నీకు మనసు ఖరాబైనట్టున్నది. ఇంటికి పో" అన్నాడు. రెండోసారి వెళితే కూర్చోబెట్టి నీళ్ళిచ్చి పంపారు. నేను చంపానంటే వినేవాడు లేడు. నువ్వు చంపానంటే ఒక్క మాటకు నమ్మారు.

పచ్చళ్ళ కంపెనీలో చేరాను. స్పందన చూపిన పని కాదు, నేనే అడిగి చేరాను. అది మూతలు బిగించే వరుస, నేను సీసాలు కడిగే వరుస. మధ్యలో గాజు గోడ. మొదటి వారం నన్ను చూసి తల తిప్పుకుంది. ఇప్పుడు తల తిప్పుకోవడం కూడా మానేసింది, నన్ను చూడనట్టే చూస్తుంది. నాగారంలో రేకుల గది తీసుకున్నాను, వాళ్ళ వీధిలో కాదు. దానికి ఎదురుపడాలని నాకు లేదు. ఏనాడైనా వచ్చి తిట్టాలనిపిస్తే ఎక్కడికి రావాలో తెలిసి ఉండాలి, అంతే. రావడానికి ఇంకా ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. రాకపోవచ్చు కూడా.

గాజులన్నీ త్రిమూర్తులుకు ఇచ్చేశాను. అతనిచ్చింది మొగిలయ్యకు సరిపోయింది. ఇంజను చేశాడు, గేర్‌బాక్సు మార్చాడు, అడగకపోయినా హ్యాండ్‌బ్రేకు కూడా పెట్టాడు. నిన్న షెడ్డు ముందు మెరక మీద నిలబెట్టి నాకు చూపించాడు. చక్రం కింద ఏమీ లేకుండా ఆగింది. చాలాసేపు చూశాను.

ఆగస్టు పద్నాలుగున నిన్ను వదులుతారని తెలిసింది. గేటు దగ్గరికి రాను. నా గదికి నువ్వూ రాకు. వస్తే వీధిలోనే నిలబెట్టి అందరి ముందూ అన్నీ చెబుతాను, నాకిప్పుడు అది అలవాటైంది. మేడారం పోతావో, ఇంకెక్కడికైనా పోతావో నీ ఇష్టం. ముందు స్పందన గడప దగ్గరికి పోయి నీ నోటితో నీ సగం చెప్పు. చెప్పకపోతే నేను చేయగలిగింది ఏమీ లేదు.

బండి నువ్వు కోరినట్టే సిద్ధంగా ఉంది. తాళంచెవి మొగిలయ్య దగ్గర ఉంది. అడిగి తీసుకో.

స్వర్ణలత